గ్రంథాలయాలలో కంప్యూటర్లు: లెక్క ఎవరు తీయాలి?

భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం పుట్టినది ఖరగ్‌పూర్‌లో. అక్కడి ఐ.ఐ.టి. నిర్మించిన ఈ గ్రంథాలయాన్ని కేంద్ర ప్రభుత్వం 2018 జూన్ 19న జాతికి అంకితం చేసినది. పాఠ్యగ్రంథాలు, పరిశోధన వ్యాసాలు, పాత పరీక్షా పత్రాలు మొదలైన కోట్లాది అంశాలను రుసుము లేకుండా వెదకుకొనవచ్చునని చాటినది. అదే పట్టణంలో ఝపటాపూర్ ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగు కార్మికుల సంతతి మథురాకాటి, నింపురాలలో వలెనే అక్కడ కూడా తరతరాలుగా నివసిస్తున్నది. ఝపటాపూర్‌లోని ఒక ట్రాక్‌మన్ కుమార్తె ఆ జాతీయ గ్రంథాలయాన్ని తెరచి చూడదలచుకున్నది అనుకుందాం. ఇంటిలో కంప్యూటరు లేదు. ఆమె ఏ గ్రంథాలయానికి వెళ్ళాలి? అక్కడ యంత్రం ఉన్నదా? ఉంటే పనిచేస్తున్నదా? ఆమె వెళ్ళగలిగిన వేళకు ఆ గది తెరచి ఉంటుందా? ఈ ప్రశ్నలకు సమాధానం ఇచ్చే పట్టిక ఒకటి ప్రతి పట్టణంలోనూ ఉండితీరాలి. లేని చోట దానిని తయారు చేయడం ఎవరి బాధ్యత అన్నదే ఇక్కడ మేము చర్చించదలచిన విషయం.

ఖరగ్‌పూర్‌కు కొలతలు కొత్త కాదు. స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లని అక్కడి బడిపిల్లలు సైతం అప్పజెప్పగలరు. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న కీర్తి 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి తరలిపోయినా ఆ అంకె మాత్రం ఊరి నాలుకపై నిలిచే ఉన్నది. వర్క్‌షాపులో చక్రాలకూ ఇరుసులకూ రిజిస్టర్లు ఉన్నవి. తపాలా శాఖలో ఒక్క పార్సెలు దారి తప్పితే అది చివరిసారిగా ఎవరి చేతిలో ఉన్నదో రాబట్టే పద్ధతి ఉన్నది. ఇంత లెక్క తెలిసిన మనం, మన పిల్లలు చదువుకొనే గది విషయంలో మాత్రం ఎవరో ఎక్కడో లెక్క తీస్తారులే అని ఊరుకున్నాము.

ఇది సాహిత్యాభిలాష గల కొద్దిమంది ముచ్చట అని కొందరు సోదరులు భావించవచ్చు. అట్లు భావించడం పొరపాటు. 2020 ఆగస్టు నుండి రైల్వే ఉద్యోగి పాసు హెచ్.ఆర్.ఎం.ఎస్. ద్వారా మంజూరవుతున్నది. భవిష్య నిధి నుండి అడ్వాన్సు కోరినా, వైద్య గుర్తింపు కార్డు కోరినా అదే దారి. రైల్వే నియామక మండలులకు దరఖాస్తు పంపేది అంతర్జాలం మీదనే, పరీక్ష వ్రాసేది కంప్యూటరు ముందు కూర్చొనియే. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి కూడా దరఖాస్తు పంపేది అంతర్జాలం మీదనే. 2019లో రైల్వేలు ప్రకటించిన 35 వేల పైచిలుకు నాన్ టెక్నికల్ ఉద్యోగాలకు 1 కోటి 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఆ పరీక్షను తెలుగులో వ్రాసే వీలున్నది. ఆ వీలును సాధించడం వెనుక ఎందరి కృషియో ఉన్నది. కాని పరీక్ష గదిలో అడుగుపెట్టిననాడే మొదటిసారిగా మౌసు పట్టుకున్న అభ్యర్థి, ఇంటిలో సొంత యంత్రంపై ఆరు నెలలు సాధన చేసిన అభ్యర్థితో ఏ విధంగా పోటీపడగలడు?

అందరి చేతిలోనూ ఫోను ఉన్నది గదా అన్న వాదన వెంటనే వినవస్తుంది. ఉన్నది, కాదనము. ఫోనులో రైలు ఎక్కడున్నదో చూడవచ్చు, డబ్బు పంపవచ్చు. అయితే నాలుగు పుటల దరఖాస్తును నింపి, ఫొటోను సంతకాన్ని వారు కోరిన కొలతకు కుదించి, ధ్రువపత్రాలను జతచేసి, ఆఖరి తేదీ రాత్రి పంపవలసి వచ్చినప్పుడు ఆ నాలుగంగుళాల తెర ఏపాటి సాయమో అనుభవించిన కుటుంబాలకు తెలుసు. చివరకు అందరూ చేరేది నెట్ సెంటరుకే. అక్కడ అడిగినంత ఇచ్చుకోవాలి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు, సంకేతపదం సహా అన్నీ ముక్కు మొహం తెలియని వాని యంత్రంలో వదలిరావాలి. కేంద్ర ప్రభుత్వపు నమూనా సర్వే ప్రకారం 2017-18లో దేశంలోని నూరు కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి సుమారు 11 మాత్రమే. పల్లెలలో 4 కంటే కొంచెం ఎక్కువ. ఆ తరువాత విస్తరించినవి ముఖ్యంగా ఫోనులే.

ప్రజలకు ఉచితంగా సంధానం ఇవ్వడంలో మన రైల్వేలకే ఒక చరిత్ర ఉన్నది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనుతో ఆరంభమైన ఉచిత వైఫై ఇప్పుడు వేలాది స్టేషనులకు వ్యాపించినది. ఎర్ణాకుళం స్టేషనులో మూటలు మోసే ఒక కూలీ, ఆ సంధానాన్ని ఆధారం చేసుకొని పాఠాలు వింటూ కేరళ పబ్లిక్ సర్వీసు కమిషన్ వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడైన వార్త 2018లో దేశమంతటా ప్రచురితమైనది. ఆ సోదరుని పట్టుదలకు జోహారులు. కాని ఆ వార్తను అధికారులు ఘనతగా చెప్పుకొన్న తీరు మాకు రుచించలేదు. నెత్తిన మూట, చెవిలో పాఠం పెట్టుకొని ఒక శ్రామికుడు చదువుకోవలసి వచ్చినదంటే, ఆ నగరంలో అతనికి అనుకూలమైన వేళలో కూర్చొనుటకు ఒక కుర్చీ, ఒక బల్ల, కాస్త నిశ్శబ్దం దొరకలేదన్నమాట. అవి ఇవ్వవలసినది స్టేషను కాదు, గ్రంథాలయం.

కంప్యూటరు పట్ల కార్మికోద్యమం వైఖరిని ఎత్తిపొడిచేవారు ఇప్పటికీ ఉన్నారు. 1960వ దశకంలో కలకత్తాలోని ఇలాకో హౌస్‌లోనికి కంప్యూటరు రాకుండా జీవిత బీమా ఉద్యోగులు రాత్రింబవళ్ళు కాపలా కాసిన మాట వాస్తవమే. నాటి భయం ఉద్యోగాలను గురించి. ఆ భయం నిరాధారమని చెప్పగల ధైర్యం నేటికీ ఎవరికీ లేదు. కాని ఆనాడు మనం అడిగిన ప్రశ్న ఈనాటికీ చెల్లుతుంది: యంత్రం ఎవరి కోసం? కార్యాలయంలో మన పనిని కొలవడానికి యంత్రం వచ్చినది, పాసు ఇవ్వడానికి వచ్చినది, హాజరు పట్టడానికి వచ్చినది. మనం మన కోసం కూర్చొని వాడుకొనే చోటికి వచ్చినదా లేదా అని అడగడం ఆ పాత ప్రశ్నకు కొనసాగింపే.

ఇక లెక్క సంగతి. అమెరికాలో ప్రజా గ్రంథాలయాలకు అంతర్జాలం ఉన్నదా అని దేశవ్యాప్తంగా నమూనా సర్వే 1994లో జరిగినది. నూటికి 21 గ్రంథాలయాలకు మాత్రమే సంధానం ఉన్నట్లు తేలినది. 1996లో 45, 1998లో 84. ఈ మధ్యలోనే, 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం క్రింద గ్రంథాలయాలకు, పాఠశాలలకు సంధానపు ఖర్చులో నూటికి 20 నుండి 90 వంతుల వరకు రాయితీ ఇచ్చే ఏర్పాటు జరిగినది. ఏ ప్రాంతం ఎంత పేదదైతే రాయితీ అంత ఎక్కువ. ఇందులో గమనించవలసినది ఆ అంకెల పెరుగుదల ఒక్కటే కాదు, సర్వే చేసినవారు ప్రశ్నలను మార్చుకున్న తీరు. దాదాపు అన్ని గ్రంథాలయాలకూ తీగ చేరిన తరువాత, ఉన్నదా అని అడగడంలో అర్థం లేకపోయినది. ఎన్ని యంత్రాలు, వేగమెంత, వరుసలో ఎంతసేపు నిలబడాలి అని అడగడం మొదలుపెట్టారు. అప్పుడు బయటపడినది అసలు సంగతి: 2007లో నూటికి 73 గ్రంథాలయాలు, తమ ఊరిలో ప్రజలకు ఉచితంగా కంప్యూటరు, అంతర్జాలం దొరికే స్థలం తమదొక్కటేనని చెప్పినవి. యంత్రాలు చాలడం లేదని కూడా వాటిలో అత్యధికం చెప్పినవి. అంత సంపన్న దేశంలో!

బ్రిటన్‌లో లాటరీ నిధుల నుండి 10 కోట్ల పౌండ్లు వెచ్చించి 2002 ముగిసేనాటికి 4 వేలకు పైగా గ్రంథాలయాలకు అంతర్జాలం చేర్చినారు. మెచ్చుకోదగిన పని. అయితే 2010 తరువాత పొదుపు పేరిట స్థానిక సంస్థల నిధులు కోసివేసినప్పుడు పదేళ్ళలో దాదాపు 800 గ్రంథాలయాలు మూతబడినవి. తీగ ఉన్నది, యంత్రం ఉన్నది, తలుపుకు తాళం. ఇది సముద్రాల ఆవలి సంగతి మాత్రమే కాదని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశంలో 2011 జనాభా లెక్కలలో మొట్టమొదటిసారిగా గ్రంథాలయాల వివరాలు సేకరించినారు. గ్రామీణ ప్రాంతాలలో 70,817, పట్టణాలలో 4,580 అని తేలినది. జాతీయ విజ్ఞాన కమిషన్ చేసిన సిఫారసుల ఫలితంగా 2014 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా జాతీయ గ్రంథాలయ మిషన్ ప్రారంభమైనది. 5 వేల గ్రంథాలయాల స్థితిగతులను సర్వే చేయడం ఆ మిషన్ లక్ష్యాలలో ఒకటి. ఆ పనికి కేంద్రస్థానం రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్. అది ఉన్నది కలకత్తాలోనే. జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఖరగ్‌పూర్‌లో, జాతీయ సర్వే బాధ్యత కలకత్తాలో. రెంటి మధ్య రైలులో రెండు మూడు గంటల ప్రయాణం. దీపం క్రింద చీకటి అన్న మాట ఇటువంటి చోటనే గుర్తుకు వస్తుంది.

పశ్చిమ బెంగాల్‌లో ప్రజా గ్రంథాలయ చట్టం 1979లో వచ్చినది. రాష్ట్ర ప్రభుత్వపు ఆధ్వర్యంలోనో ఆలంబనతోనో నడిచే గ్రంథాలయాలు దాదాపు 2,480. అయితే ఆ చట్టంలో గ్రంథాలయ పన్ను లేదు. బడ్జెటు దయమీద నడవాలి. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు ఉన్నది. ఉండి ఏమి లాభం? వసూలు చేసిన సెస్సును పురపాలక సంఘాలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయవన్న ఫిర్యాదు ఏళ్ళ తరబడి ఉన్నదే. ఇక గ్రంథపాలకుల ఖాళీలు మూడు రాష్ట్రాలలోనూ ఒకటే వ్యాధి. ఒకే ఉద్యోగి రెండు మూడు గ్రంథాలయాల తాళపుచెవులు మొలకు కట్టుకొని వారంలో రెండేసి రోజులు ఒక్కొక్క తలుపు తీస్తున్న పరిస్థితి శోచనీయం. ఆ ఉద్యోగి కూడా మన వంటి శ్రామికుడేనని, సర్వే పేరిట అతనిపై నేరారోపణకు దిగరాదని మా మనవి.

అందువలన మన సర్వే ఏ విధంగా ఉండాలో కొంత వివరంగా చెప్పుకుందాం. ప్రభుత్వ ఫారాలలో సాధారణంగా ఉండే గడి: కంప్యూటరు ఉన్నది / లేదు. ఏ పథకంలోనో వచ్చిన యంత్రం అట్టపెట్టె విప్పకుండా బీరువాపై ఉన్నా జవాబు ఉన్నదనే. గ్రంథపాలకుడు పుస్తకాల పట్టిక వ్రాసుకొనే యంత్రం, పాఠకుని వేలు తగలనివ్వని యంత్రం అయినా జవాబు ఉన్నదనే. కీమన్ తన సెక్షనులో కీలు బిగిసి ఉన్నవో లేవో తెలుసుకొనుటకు రిజిస్టరు తిరగవేయడు. చేతిలో సుత్తి పట్టుకొని పట్టాల వెంట నడుస్తాడు. మన సర్వే కూడా నడిచి చేయవలసిన సర్వే. పాఠకునిగా లోనికి వెళ్ళి, యంత్రం వాడుకోవడానికి అనుమతి అడగాలి. ఎంతసేపటికి కుర్చీ దొరికినది, ఏ కాగితాలు చూపమన్నారు, రుసుము ఎంత, కరెంటు పోతే ఏమైనది, ఒక పుట అచ్చు తీయించుకొనుటకు వీలైనదా, ఇవన్నీ ఆ రోజు చూచినవి చూచినట్లు వ్రాయాలి. అంతర్జాలపు నెలసరి బిల్లు ఎవరు కడుతున్నారో తప్పక అడగండి. చాలా చోట్ల తీగ తెగేది అక్కడే. యంత్రం కొనడానికి ఒకసారి వచ్చిన నిధి బిల్లు కట్టడానికి రాదు.

వేళల ప్రశ్నకు ప్రత్యేకమైన గడి ఉండాలి. రన్నింగ్ స్టాఫ్ రోస్టరు, వర్క్‌షాపు సైరను, పోస్ట్‌మన్ బీటు ముగిసే సమయం, వీటిని గ్రంథాలయపు వేళల ప్రక్కన పెట్టి చూడండి. రెండూ ఎక్కడా కలవకపోతే ఆ గ్రంథాలయం మన కార్మికునికి లేనట్లే. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్ళి కూర్చోగలిగిన స్థలమా, దారిలో దీపం ఉన్నదా, మరుగుదొడ్డి ఉన్నదా అన్నవి కూడా కంప్యూటరు సర్వేలో భాగమే. వీటిని అనవసరమనేవారు తమ ఇంటిలోని స్త్రీలను ఒక్కమాట అడిగి చూడాలి.

తెలుగు సంగతి వేరుగా చెప్పాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదాను ఆమోదించినది. ఖరగ్‌పూర్ తెలుగువారి దీర్ఘకాలపు కోరిక అది. యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నుండి ఉన్నది. కనుక ఏ కంప్యూటరులోనైనా తెలుగు కనబడడానికి, తెలుగులో వ్రాయడానికి నేడు సాంకేతికమైన అడ్డంకి లేదు. అయినప్పటికీ ఝపటాపూర్ పాఠకుడు యంత్రం ముందు కూర్చొని మన లిపిలో నాలుగు మాటలు కొట్టి చూడాలి. వచ్చినవా సరే, రాకపోతే ఫారంలో వ్రాయాలి. మాతృదేశానికి దూరంగా ఉన్న మనవారికి కొత్త తెలుగు పుస్తకం చేరడం ఎప్పుడూ కష్టమే. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు సౌకర్యం ఎత్తివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు, పాఠకులు ఎంత ఇబ్బంది పడినారో కౌంటర్ల వద్ద కూర్చున్న మన తపాలా సోదరులకే బాగా తెలుసు; 2025 మే నుండి జ్ఞాన్ పోస్టు పేరిట కొంత ఉపశమనం దొరికినది. మరోవంక వేలాది పాత తెలుగు గ్రంథాల ప్రతిబింబాలు అంతర్జాలంలో ఉచితంగా ఉన్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఉన్నది. అవన్నీ ఝపటాపూర్ వాకిట దాకా వచ్చి ఆగినవి. లోనికి తేవలసినది ఒక బల్ల, ఒక యంత్రం, ఒక తీగ.

గ్రంథాలయోద్యమం తెలుగువారికి ఎవరో నేర్పినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలను ఒక్క త్రాటిపైకి తెచ్చినారు. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కాలువలో పడవపై గ్రంథాలయం నడిచినది. పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే పోవాలన్నది ఆ పడవ వెనుకనున్న ఆలోచన. వారు ప్రభుత్వపు సర్క్యులరు కోసం ఎదురుచూడలేదు.

మొట్టమొదట సర్వే చేయవలసినవి మన సొంత గ్రంథాలయాలే. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో గ్రంథాలయ గదులు ఉండడం పాత సంప్రదాయం. ఆ గదులలో ఎన్నిటికి ఈనాడు తాళం పడినది, ఎన్నిటిని సామాను గదులుగా మార్చినారు, ఎన్నిటిలో సభ్యుని కొరకు ఒక్క కంప్యూటరైనా ఉన్నది? ఇన్‌స్టిట్యూట్ల కార్యవర్గాలలో మనవారే ఉన్నారు. స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ కమిటీలలో మన సంఘాల ప్రతినిధులే కూర్చుంటారు. క్రీడలకు, వేడుకలకు నిధులు అడిగినప్పుడు వినిపించే గొంతు చదువు గదికి అడిగినప్పుడు ఎందుకు సన్నగిలుతున్నదో ఆత్మపరిశీలన చేసుకోవలసి ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి ముందు ఆ జాబితా మన చేతిలో ఉండాలి.

ఈ పనికి రైల్వే, తపాలా ఉద్యోగులకంటే తగినవారు లేరు. ప్రతి వీధి పేరు, ప్రతి గడప తెలిసినవాడు పోస్ట్‌మన్. ప్రతి స్టేషను ప్రక్కన ఉన్న కాలనీ తెలిసినవాడు రైల్వే కార్మికుడు. ఇరువురూ కలసి ఒక్కొక్క పట్టణంలో రెండు ఆదివారాలు, రెండు పనిదినాలు కేటాయిస్తే చాలు. ఆదివారం ఒక్కటే వెళితే తాళం మాత్రమే కనబడుతుంది, పనిదినం ఒక్కటే వెళితే రద్దీ తెలియదు. నోటిమాటగా దొరకని వివరాలకు, అనగా యంత్రాలకు వచ్చిన నిధి, ఖర్చైన నిధి, ఖాళీ ఉద్యోగాల సంఖ్య వంటివాటికి, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. అర్జీ రుసుము పది రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ఇన్‌స్టిట్యూట్లకు సంబంధించిన అర్జీ రైల్వే అధికారికి, ప్రజా గ్రంథాలయాల అర్జీ రాష్ట్ర గ్రంథాలయ శాఖకు వేరువేరుగా పంపాలి. కలిపి వ్రాస్తే ఒకరిపై ఒకరు త్రోసివేసుకుంటారు.

ఖరగ్‌పూర్ శాఖల మిత్రులు ఝపటాపూర్‌తో ఆరంభించి మథురాకాటి, నింపురా, గోల్ బజార్ వైపు సాగితే బాగుండునని మా సూచన. ఫారాన్ని తెలుగు, బెంగాలీ, హిందీ మూడింటిలోనూ తయారు చేయండి. ఆ గ్రంథాలయాలు తెలుగువారివి మాత్రమే కావు, లెక్క కూడా తెలుగువారు మాత్రమే తీయరాదు. నింపిన ప్రతి ఫారానికి మూడు నకళ్ళు ఉంచండి. ఒకటి శాఖా కార్యాలయంలో, ఒకటి ఆ గ్రంథపాలకుని వద్ద, మూడవది గ్రంథాలయపు నోటీసు బోర్డుపై, వచ్చే పాఠకులకు కనబడేట్లు.